దీపమునకు చమురు

గంభీరావుపేట సీతారామస్వామి దేవాలయమునందు ఒక నందాదీపము గలదు. కాకతీయ ప్రతాపరుద్రుని కాలము మొదలు నేటివఱకు, ఏడువందల ఏండ్లుగా, అది ఆఱక వెలుగుచున్నదని ఆ సీమవారు చెప్పుకొందురు. దానిని మొదట వెలిగించిన చేతినిగూర్చి చెప్పుకొనువారు గలరు. దినదినము ఆ ప్రమిదలో చమురు పోసిన చేతుల నెవరును లెక్కింపలేదు. ఆ చేతులు ఒక్కదినము ఏమఱియుండినచో, వెలిగించినవాని కీర్తి యెంతటిదైనను, దీపము నాటిరాత్రియే కొండెక్కియుండెడిది. విద్యావిషయమున మనవారు మాటిమాటికి మఱచుచున్న సంగతి యిదియే.

ఆ గ్రామముననే 2023 ఫిబ్రవరి 1వ తేదీన మఱియొక దీపము వెలిగింపబడినది. శిశుతరగతి మొదలు పై చదువుల వఱకు ఒకే ప్రాంగణమున సాగునట్లు, 'మన ఊరు - మన బడి' కార్యక్రమము క్రింద నిర్మించిన 'కేజీ టు పీజీ' విద్యాప్రాంగణమును నాటి మంత్రి కె. తారక రామారావుగారు ప్రారంభించిరి. ప్రైవేటు సంస్థల విరాళములును ఆ నిర్మాణమునకు తోడైనవి. గ్రంథాలయము, కంప్యూటరు గదులు అం దేర్పడినవి. రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఒక మండలకేంద్రమున ఇట్టి ప్రాంగణము వెలసినందులకు పక్షభేదము లేక ఎల్లరును సంతసింపవలసినదే. గోడలనుగూర్చి మాకు వివాదము లేదు. మా ప్రశ్న వేఱు. ఆ గదిలో కంప్యూటరు ముందు కూర్చుండు సాంచె కార్మికుని కుమారుడు, బీడీలు చుట్టు తల్లి కూతురు, ఆ యంత్రమును వాడుకొనుట మాత్రమే నేర్తురా, లేక దానికి పని చెప్పుటకూడ నేర్తురా?

ఈ రెంటికిని గల భేదమును సిరిసిల్ల వాడకు మేము వివరింప నక్కఱలేదు. బట్ట కట్టుట వేఱు. బట్ట నేయుట వేఱు. ఫోనుపై బొమ్మలు చూచుట, వార్తలు పంపుకొనుట, సరకులు తెప్పించుకొనుట, ఇవి బట్ట కట్టుట వంటివి. కంప్యూటరునకు తెలియు భాషలో దానికి ఆజ్ఞలు వ్రాసి, మనకు కావలసిన పని చేయించుకొనుట నేయుట వంటిది. ఆ వ్రాతనే కోడింగు అనియు, ప్రోగ్రామింగు అనియు అనుచున్నారు.

ఈ పోలిక మేము అందమునకై చెప్పినది కాదు, చరిత్రయే ఇట్లున్నది. 1804లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున జోసెఫ్ మారీ జాకార్డు అను నేతవాని కుమారుడు, రంధ్రములు పొడిచిన అట్టలచే మగ్గమును నడుపు సాధనమును వెలయించెను. అట్టపై రంధ్రమున్నచోట పడుగుపోగు లేచును; లేనిచోట లేవదు. 'ఉన్నది', 'లేదు' అను రెండు మాటలతోడనే బట్టపై పూవులు, లతలు అన్నియు విరియుచున్నవి. ఆ అట్టలనే చూచి ఇంగ్లండున చార్లెస్ బాబేజి తన గణనయంత్రమునకు రూపకల్పన చేసెను. ఆ యంత్రము ఎట్టి పనులు చేయగలదో 1843లో అడా లవ్‌లేసు అను విదుషీమణి వివరించి వ్రాసెను. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ అను నతడు రంధ్రముల అట్టలచేతనే తేల్చెను. నేటి కంప్యూటరు సైతము లోలోపల 'ఒకటి', 'సున్న' అను ఆ రెండు మాటలనే పలుకుచున్నది. కావున ఈ విద్య నేతవాని యింటికి పరాయిది కాదు. మగ్గముకడ బయలుదేఱి, లోకమెల్ల తిరిగి, మరల మగ్గమున్న వాడకు వచ్చిన బంధువిది. దానిని వాకిట నిలువబెట్టి తలుపు వేసికొందుమా?

వెబ్‌సైటు నిర్మాణమన మహామాయ యని పెద్దలు జంకుచుందురు. అందు మొదటిమెట్టు మిక్కిలి సులభము. 'ఇది శీర్షిక, ఇది వాక్యసమూహము, ఇది బొమ్మ' అని గుర్తులు పెట్టి చెప్పుటకు హెచ్.టి.ఎమ్.ఎల్. అను వ్రాత గలదు. అది పడుగు వంటిది. ఆ శీర్షికకు ఏ రంగు, ఆ బొమ్మకు ఎంత కొలత యని చెప్పుటకు సి.ఎస్.ఎస్. గలదు, అది అద్దకము వంటిది. మీట నొక్కినప్పుడు ఏమి జరుగవలెనో చెప్పుటకు జావాస్క్రిప్టు గలదు. అది సాంచెకు కదలిక వంటిది. వీని నభ్యసించుటకు విలువైన సామగ్రి కొననక్కఱలేదు. ప్రతి కంప్యూటరునందును నోట్‌ప్యాడు వంటి వ్రాతపలక యొకటి, బ్రౌజరు ఒకటి ఉండనే యున్నవి. తొలిపాఠములకు ఇంటర్నెట్టు సైతము అవసరము లేదు. పిల్లవాడు తన పేరును, తన యూరి పేరును వ్రాసి, దాచి, తెఱచి చూచినంతనే తెరపై పుట ప్రత్యక్షమగును. మొదటి గంటలోనే తన చేతిపని తాను చూచుకొను విద్యలు లోకమున కొన్నియే గలవు.

ఈ విద్య ఎవరి సొత్తును కాదు. 1989లో స్విట్జర్లాండునందలి సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ అను నతడు వెబ్బును ప్రతిపాదించెను. 1993 ఏప్రిల్ 30వ తేదీన ఆ సంస్థ దానిని సర్వజనులకు రుసుము లేక విడిచిపెట్టెను. నర్మాలకడ మానేటి నీరు కట్ట దిగువ పొలములన్నిటికి పాఱునట్లు ఈ విద్య ఎల్లరకు పాఱవలసినదే. కాని కాలువ త్రవ్వినవాని పొలమే తడియును. మన పొలమునకు కాలువ యేది?

నేడీ విద్యను నేర్చుచున్నవా రెవరు? పట్టణమున ధనికుని బిడ్డ పండ్రెండవ యేటనే యింట కంప్యూటరు ముందు కూర్చుండును. పల్లెటూరి పిల్లవాడు పట్టము పుచ్చుకొని, ఇరువదిరెండవ యేట హైదరాబాదు చేరి, అమీర్‌పేట సందులలో శిక్షణాలయముల బోర్డులు చదువుకొనుచు, ఇఱుకుగదిలో నలుగురితో కలిసి తలదాచుకొని, తండ్రి అప్పుచేసి పంపిన సొమ్ముతో అక్షరాభ్యాసము మొదలిడును. అదియు చేతకానివాడు పాసుపోర్టు పట్టుకొని గల్ఫు విమాన మెక్కును. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఎడారికి పోయినవాడు లేని పల్లె అరుదు. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వేనుబట్టి మన దేశమున నూటికి 23.4 పట్టణగృహములలో కంప్యూటరుండగా, గ్రామములలో 4.4 ఇండ్లలోనే ఉండెను. ఆఱవ తరగతి మొదలు పిల్లలకు కోడింగు నేర్పవలెనని 2020 జాతీయ విద్యావిధానము పలికినది. పలుకు మంచిదే. కాని ఇంట యంత్రము లేని పిల్లవానికి బడియే ఇల్లు. ఆ బడిగదికి తాళము వేసియున్న దినమున ఆ విధానము అతనికి వట్టి కాగితమే.

ఇచట ఒక ఆక్షేపణ గలదు. 2022 నవంబరున చాట్‌జీపీటీ వెలువడినది మొదలు, అడిగిన మాత్రమున ప్రోగ్రాము వ్రాసియిచ్చు యంత్రములు పలు బయలుదేఱినవి. వెబ్‌సైటును సైతము అవియే కట్టి యిచ్చుచున్నవి. ఇక పిల్లలకీ శ్రమ యేల యని చదువరులే అడుగుచున్నారు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. ఆ యంత్రములు చేయు పని మెచ్చదగినదే. దానివలన కొన్ని యుద్యోగములు తగ్గినను తగ్గవచ్చును. అయినను మన ముసలివారి కొక సంగతి జ్ఞాపకముండును. నిజాము రాజ్యకాలమున మన పల్లెలలో కాగితము వ్రాసిపెట్టువారికి కొఱత లేకుండెను. పట్వారి యుండెను, షావుకారి గుమాస్తా యుండెను. అడుగకయే వ్రాసిపెట్టుచుండిరి. లేనిదెల్ల వ్రాసినదానిని చదువగల కన్నులే. తన పేర ఏమి వ్రాయబడినదో తెలియక వ్రేలిముద్ర వేసినవాడు పొలము పోగొట్టుకొనెను; అతని కొడుకు తాతల అప్పునకు వెట్టిచాకిరి చేసెను. ఒకరు వ్రాసిపెట్టుచున్నారు గదా, చదువేల యని నాడు ఎవరైన అనియుండినచో వారిని మనము రైతు హితులని పిలుతుమా?

నేటి వ్రేలిముద్ర ఫోను అద్దముపై పడుచున్నది. 'అంగీకరించుచున్నాను' అను మీటను చదువక నొక్కుటయే ఆ ముద్ర. 2020 డిసెంబరునందు తక్షణ ఋణపు యాప్‌ల దుండగములపై తెలంగాణ పోలీసులు పెక్కు కేసులు పెట్టిరి. ఆ యాప్‌లు ఋణగ్రహీత ఫోనులోని బంధుమిత్రుల పేళ్లను, బొమ్మలను లాగుకొని, వారికెల్ల అవమానకరమైన వార్తలు పంపి వేధించినవి. ఆ వేధింపునకు తాళలేక ప్రాణములు తీసికొన్నవారు నుండిరి. యాప్ అనగా ఏమి, అది మన ఫోనులో ఏ గదికి తాళపుచెవి యడుగుచున్నది, ఇచ్చిన ఏమి యగును అను జ్ఞానము, ఒక చిన్న ప్రోగ్రామునైన స్వహస్తముతో వ్రాసినవానికి తేలికగా అబ్బును. యంత్రము వ్రాసిన ప్రోగ్రామునందలి తప్పును పట్టుటకును ఆ జ్ఞానమే కావలెను. బట్ట నేయనెఱిగినవాడే బట్టలోని తెగినపోగును చేయి పెట్టి చెప్పగలడు. ఇంటింటను ఇంజనీరులు కావలెనని మేము కోరుట లేదు. ఇంటింటను కాగితము చదువగలవా డొకడుండవలెనని కోరుచున్నాము.

రెండవ ఆక్షేపణ భాషనుగూర్చినది. కోడింగునందలి ఆజ్ఞాపదములన్నియు ఇంగ్లీషు. తెలుగున నేర్పుట పొసగదని కొందఱు పండితులనుచున్నారు. ఆజ్ఞాపదములు కొలదియే. వానిని ఆ రూపముననే కంఠస్థము చేయవచ్చును. సంగీతము నేర్చువాడు స్వరముల పేళ్లు నేర్చుటకు ఎన్ని దినములు పట్టును? అర్థముకావలసినది ఆ పదముల వెనుకనున్న యోచన: ఒక పనిని చిన్న పనులుగా విడదీయుట, 'ఇట్లయిన అది చేయుము, కాకున్న ఇది చేయుము' అని నిర్ణయించుట, తప్పిన చోట వెదకి దిద్దుట. ఈ యోచన తల్లిభాషలో చెప్పినప్పుడే పిల్లవాని తలకెక్కును. ఈ హైదరాబాదు రాజ్యముననే 1917లో దారుల్ తర్జుమా అను అనువాదసంస్థను నెలకొల్పి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఉర్దూ మాధ్యమముతో తెఱచి, నవీనశాస్త్రములను దేశభాషలో బోధింపవచ్చునని చూపిరి. నాడు మన పిల్లలకు జరిగిన అన్యాయమెల్ల, ఆ దేశభాష వారి యింటిభాష కాకపోవుటయే. ఇంటిభాష కాని భాషలో చదివినవాని కష్టమేమో మనకన్న ఎక్కువగా నెవరికి దెలియును? ఆ కష్టమునే ఇంగ్లీషు పేర మన మనుమలకు వారసత్వముగా నిత్తుమా?

సాధనములు లేవనుటకును వీలులేదు. 1991లో వెలువడిన యూనికోడు తొలిసంపుటముననే తెలుగు లిపికి 128 స్థానములు ఏర్పడినవి. అంతకుముందును, ఆ తరువాత కొంతకాలమును, ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క ఫాంటు వాడుటచే ఒకరి వ్రాత మఱియొకరి యంత్రమున గజిబిజియై కనబడుచుండెను, వెదకిన దొరకకుండెను. నేడా బాధ తీఱినది. 2003 డిసెంబరున వెన్న నాగార్జునగారు ఆరంభించిన తెలుగు వికీపీడియా, జీతము లేక వ్రాయు కార్యకర్తలచేతనే పెరిగినది. వెబ్‌సైటు చిరునామా చివర తెలుగు లిపిలోనే '.భారత్' అని పెట్టుకొను ఏర్పాటును గలదు. ఆంధ్రభాషకు హైదరాబాదున నిలువనీడ లేని దినములలో, 1901లో, శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును స్థాపించినవారికి ఈ సాధనములలో ఒక్కటియు లేదు. ఉన్నది పట్టుదల యొక్కటే.

ఇక అసలు విషయము. యంత్రములు తెచ్చి గదిలో పెట్టుట యిది మొదటిసారి కాదు. 2008 ప్రాంతమున ఉమ్మడి రాష్ట్రమందు దాదాపు 5,000 ప్రభుత్వోన్నత పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చినవి. ప్రైవేటు సంస్థలకు అయిదేండ్ల గడువుతో ఆ పనిని అప్పగించిరి. ఉపాధ్యాయులు ఆ సంస్థల క్రింద అల్పవేతనమునకు కుదిరిరి. గడువు తీఱెను, సంస్థలు పోయెను, వానితో ఉపాధ్యాయులును పోయిరి. యంత్రములు మాత్రము మిగిలి, అనేక బడులలో దుమ్ము కప్పుకొనెను. దోషము యంత్రములది కాదు. పిల్లలది అంతకన్న కాదు. ప్రమిద కొన్నవారు చమురునకు పద్దు వ్రాయలేదు. ఆ తప్పు గంభీరావుపేటలో గాని, మఱి యే యూర గాని మరల జరుగరాదని మా విన్నపము.

అందులకు మేము నాలుగు సూచనలు చేయుచున్నాము. మొదటిది: గణితోపాధ్యాయుడు, తెలుగు పండితుడు ఉన్నట్లే కంప్యూటరు ఉపాధ్యాయుడును బడికి స్థిరముగా నుండవలెను. గడువు కూలికి వచ్చినవాడు గురువు కాజాలడు. రెండవది: పాఠములు తెలుగున ముద్రింపవలెను, దినమున కొక గంట చొప్పున నాలుగు మాసములలో ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ఒక చిన్న వెబ్‌సైటు కట్టి చూపునట్లు ప్రణాళిక యుండవలెను. పరీక్షకై కంఠస్థము చేయు ప్రశ్నోత్తరములు మాత్రము వలదు. మూడవది: సాయంకాలములును, సెలవుదినములును ఆ గది తెఱచియుండవలెను. బడి మానినవారు, సాంచెల పనినుండి వచ్చిన యువకులు, బీడీలపని చేయు స్త్రీలు సైతము వచ్చి కూర్చుండవలెను. ఆడపిల్లలకు ప్రత్యేకముగా కొన్ని గంటలు కేటాయింపవలెను. నాలుగవది: ఊరి గ్రంథాలయము ఈ పనికి భుజము పట్టవలెను. మనము చెల్లించు ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలగుచున్నది. పుస్తకము చదువుటకు బల్ల వేసిన పఠనమందిరము, పుట కట్టుటకు రెండు కంప్యూటర్ల బల్ల వేయరాదా? ఈ పత్రికను మందిరమున కూర్చుండి చదువుచున్న పాఠకులే ఈ ప్రశ్నను తమ గ్రంథాలయ పాలకవర్గమునకు వేయవలెను.

పిల్లలు కట్టవలసిన వెబ్‌సైటు లేవి? అమెరికానుగూర్చియో, సినిమా తారలనుగూర్చియో వ్రాయనేల? ఎగువ మానేరులో నీరెంత యున్నది, బస్సులు ఏ వేళకు వచ్చుచున్నవి, గ్రామపంచాయతి ఏమి తీర్మానించినది, ఊరి గుడి చరిత్ర యేమి, ఇవి వ్రాయవలెను. అన్నిటికన్న ముఖ్యముగా, సిరిసిల్లలో నేయుచున్న బట్ట యేది, దాని కొలత యేమి, నేసినవా రెవరు, కావలసినవారు ఎవరికి వ్రాయవలెను, ఇది ఒక పుటపై నుండవలెను. 2017 మొదలు బతుకమ్మ చీరెల పని ప్రభుత్వమే యిచ్చుచుండెను. 2024 ఆరంభమున ఆ పని లేక సాంచెలు మూగవోయెను. ఎన్ని కుటుంబములు పస్తులుండెనో ఆ వాడవారికి దెలియును. పిమ్మట మహిళాసంఘముల చీరెల పని వచ్చినది, మంచిదే. కాని కొనువాడు ఒక్కడే యైనప్పుడు నేయువాని బ్రదుకు ఆ యొక్కని చేతి సంతకముపై వ్రేలాడుచుండును. వెబ్‌సైటొకటి కట్టినంతనే బేరములు కుప్పలుగా వచ్చునని మేము చెప్పము. నాణ్యము, ధర, రవాణా, నమ్మకము, అన్నియు కావలెను. అయినను తన సరకును తన పేర లోకమునకు చూపుకొనలేనివాడు ఎన్నటికిని మధ్యవర్తి చెప్పిన ధరకే అమ్ముకొనును.

తలిదండ్రులకు ఒక హెచ్చరిక. కోడింగు నేర్చిన ప్రతివానికి లక్షల జీతము వచ్చునని ప్రకటనలు వేయువారిని నమ్మి అప్పులు చేయకుడు. ఈ విద్యకు ఓపిక కావలెను; పదిమాఱులు తప్పి పదునొకండవమాఱు సరియగుట ఇందు నిత్యకృత్యము. అందఱికిని ఉద్యోగము రాకపోవచ్చును. ఓనమాలు నేర్చిన వారందఱును పండితులు కాలేదు. ఆ కారణమున ఓనమాలు వలదని ఎవరును అనలేదు.

గంభీరావుపేట ప్రాంగణము నందాదీపము కానున్నదో, ఒకరాత్రి దీపావళి కానున్నదో తేల్చువారు ప్రారంభోత్సవమునకు వచ్చిన పెద్దలు కారు. ప్రతి ఉదయమును ఆ గది తాళము తీయు ఉపాధ్యాయుడు, అతని జీతమునకు పద్దు వ్రాయు ప్రభుత్వము, తాళము తీయని దినమున పోయి ఎందుకు తీయలేదని అడుగు గ్రామస్థుడు, ఈ ముగ్గురే తేల్చువారు. ఏడు శతాబ్దములుగా ఒక దీపమును ఆఱనీయలేదని చెప్పుకొను గ్రామమున కిది అసాధ్యమని మేము తలంపము. ప్రమిద వచ్చినది, వత్తి వచ్చినది. చమురు మన వంతు.